ఊఁకీ ఊహూఁకీ మధ్య

నా గొంతు బాగుంటుందని మొదట చెప్పింది పెద్ద మేడమే. పాడే గొంతు కాదు, చదివే గొంతు. ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ దగ్గర పదకొండేళ్ళు పేర్లు పిలిచి పిలిచి సానబట్టిన గొంతది. ఒకరోజు ఆవిడ అటుగా పోతూ ఆగి, నువ్వు పిలిస్తే మొద్దు నిద్ర పోయేవాడైనా లేచొస్తాడు, నా దగ్గరికి వచ్చెయ్ అంది. అలా రెండో అంతస్తులో ఆవిడ నడిపే పరిశోధన విభాగంలోకి వచ్చిపడ్డాను.

అక్కడ నా పని చదవడం. కొత్త మందు పరీక్షలో చేరదలచినవాళ్ళకి సమ్మతి పత్రం అని ఒకటుంటుంది. మందు ఏమిటి, ఎందుకిస్తున్నారు, ఏం మేలు జరగొచ్చు, ఏం కీడు జరగొచ్చు, వద్దనుకుంటే ఎప్పుడు మానుకోవచ్చు, అన్నీ అందులో ఉంటాయి. అది నేను పైకి చదవాలి, వాళ్ళు వినాలి, అంతా రికార్డు కావాలి. ప్రతి పేరా పక్కన ఒక చిన్న గడి. విన్న మనిషికి అర్థమైతే అందులో టిక్కు పెట్టాలి. పొద్దస్తమానం చదువుతూనే ఉంటానని అందరూ నన్ను చదువులమ్మ అనేవాళ్ళు. కోపం రాకపోగా లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

పని నేర్పడానికి మేడమ్ వారం రోజులు నా ఎదురుగా రోగిలా కూర్చుంది. నేను చదువుతుంటే కావాలని ఆవులించేది, మధ్యలో మనవరాలి సంగతి ఎత్తేది, అర్థమైందా అంటే తల అడ్డంగా ఊపేది. చివరికి మూడు మాటలు చెప్పింది. దాచకు. తొందరపెట్టకు. పోతానన్నవాళ్ళ చెయ్యి పట్టుకోకు. ఇంటికెళ్ళి అవి డైరీలో రాసుకున్నాను. ఇది మనుషుల మీద చేసే పని, మనుషుల్ని అడక్కుండా చేస్తే వైద్యం కాదు దొంగతనం అని ఆవిడ అన్నప్పుడు నా ఒళ్ళు పులకరించింది. అంతలా నమ్మాను ఆవిడని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడాది మా విభాగంలో జరిగినది చేతుల వణుకు మందు పరీక్ష. నలభై ఒక్క మందిని తీసుకోవాలి. నిజానికి పేరా చదివాక, విన్నదేమిటో మీ మాటల్లో తిరిగి చెప్పండి అని అడగాలి. అలా చేస్తే ఒక్కో మనిషికి మూడు గంటలు పట్టేది. అందులో వణుకు జబ్బువాళ్ళు ఊరికే అలిసిపోతారు. రెండో వారంలోనే మేడమ్ దారి మార్చింది. పాపం ముసలివాళ్ళు, తిరగ చెప్పించి చంపకు, ఊఁ అన్నా చాల్లే, టిక్కు పెట్టెయ్ అంది. నాకూ గొంతు పోతోంది. సరేనన్నాను.

తప్పు అక్కడుంది. ఊఁ అంటే మన నోట్లో అవును ఒక్కటే కాదు. వింటున్నాను అన్నా ఊఁ, తర్వాత ఏమైంది అన్నా ఊఁ, నీ గోల నువ్వు చెప్పుకో అన్నా ఊఁ. నిద్రలో జోగుతూ కూడా ఊఁ కొట్టొచ్చు. ఇది నాకు తెలియనిది కాదు. చిన్నప్పుడు మా పిన్ని కథ చెబుతూ నన్ను ఊఁ కొట్టమనేది, నాలుగు ఊఁలయ్యాక టక్కున ఆగి, ఏం చెప్పానో చెప్పు చూద్దాం అనేది. నాకు ఒక్క ముక్క గుర్తుండేది కాదు. నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. కథ చెప్పే పిన్నికున్న ఓపిక, జీతం తీసుకుని చదివే నాకు లేకపోయింది.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నా ఎనిమిదో ఏట అమ్మ పోతే నన్ను తెచ్చి పెంచింది. కుట్టు మిషను మీద ఇల్లు నడిపింది. గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని పనిచేసీ చేసీ, సూదులు లేనప్పుడు కూడా నోరు విప్పడం దాదాపు మానేసింది. మూసిన పెదవుల్లోంచే ముక్కుతో మాట్లాడేది. ఊఁ అంటే ఒకటి, ఊహూఁ అంటే ఒకటి, ఊఁ? అని సాగదీస్తే ఇంకొకటి. వాటితోనే నన్ను తిట్టేది, వాటితోనే ముద్దు చేసేది. చదువు రాదు. కొలతలు మాత్రం తనకే అర్థమయ్యే గీతలతో గోడ మీద రాసుకునేది.

అరవై రెండో ఏట ఆమె చేతులు వణకడం మొదలైంది. సూదిలో దారం ఎక్కదు. కత్తెర పక్కకి పోతుంది. ఎవరిదో ఖరీదైన పట్టు గుడ్డ పాడుచేసి రెండు రోజులు అన్నం మానేసింది. నేనే మేడమ్‌తో మాట్లాడి, నేనే ఆటోలో తీసుకొచ్చి, పదిహేడో నంబరు కింద పరీక్షలో చేర్చాను. భయంగా ఉందే అమ్మలూ అంది గుమ్మం దగ్గర. చదివేది నేనే కదా పిన్నీ అన్నాను. ఆ మాటతో లోపలికి వచ్చి కూర్చుంది.

మందు పనిచేసింది. ఆరో వారానికి సూదిలో దారం తనే ఎక్కించుకుంది. వంటింట్లోకి పరుగున వచ్చి సూది నా ముక్కు దగ్గర పెట్టి చూపించింది. ఏడో నెలలో ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంది. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇంకా లేవలేదు. మొహంలో ఏ బాధా లేదు, పెదవులు ఎప్పటిలాగే మూసుకుని ఉన్నాయి. గుండె ఆగిందన్నారు. మేడమ్ మా ఇంటికి వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. వయసు మీద పడ్డ మనిషి, మందుకీ దీనికీ సంబంధం లేదు, నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు అంది. ఆవిడ భుజం మీద తల పెట్టుకుని నేనూ ఏడ్చాను.

తొమ్మిది రోజుల తర్వాత పనిలోకి వెళ్ళాను. ఆ రోజు నుంచే ఆ శబ్దం వినబడసాగింది.

పెద్ద శబ్దమేమీ కాదు. ఎవరో పక్కన నిలబడి ముక్కులోంచి ఊపిరి వదిలినట్టు... హూఁ... అని ఒక చిన్న ముక్క. నడవాలో నడుస్తుంటే ఒకసారి. బీరువా తీస్తుంటే ఒకసారి. ఏసీ అనుకున్నాను. మనిషిని పిలిపించి ఏసీ విప్పించి కడిగించాను. అతను పోయిన అయిదు నిమిషాలకి, నా కుర్చీ వెనకాల, చెవి ఎత్తున, మళ్ళీ హూఁ. ఏ మాటకో తోక లాంటిది అది. ముందు ఏదో ఉండాలి, లేదు. దుఃఖంలో ఉన్న మనిషికి చెవులు ఇలాగే చేస్తాయని సర్దిచెప్పుకున్నాను.

అదే వారంలో కమిటీ వస్తోందని కబురు వచ్చింది. మనుషుల మీద జరిగే పరీక్షల్లో ఎవరికైనా అన్యాయం జరిగిందా అని చూసే కమిటీ అది. బయటి డాక్టర్లు, ఒక లాయరు, ఒక బడి పంతులమ్మ ఉంటారు. పదిహేడో నంబరు చనిపోయింది కాబట్టి కాగితాలన్నీ చూస్తారట. వాళ్ళు వచ్చే ముందురోజు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, మేడమ్ నన్ను రికార్డింగు గదిలో కూర్చోబెట్టింది. నలభై ఒక్క రికార్డింగులూ కాగితాలతో సరిపోయాయో లేదో చూడు, చివర ఈ ఒక్క కాగితం మీద సంతకం పెట్టు అంది. ఎవరూ వచ్చి కదిలించకుండా బయట తాళం వేస్తాను, అయిదింటికి వచ్చి తీస్తాను అంది. తల నిమిరి వెళ్ళింది.

రికార్డింగు గదికి కిటికీ లేదు. గోడలకి నల్లటి స్పాంజి అతికించి ఉంటుంది, నీ మాట నీ మొహం ముందే పడి చచ్చిపోతుంది. శబ్దం రాకూడదని ఏసీ కూడా ఆపేస్తారు, ఫోన్లు బయటే పెట్టించేస్తారు. ఒక బల్ల, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు. పైన లైటుకి స్విచ్చు లేదు. మనిషి కదిలితే వెలుగుతుంది, కాసేపు కదలకపోతే అదే ఆరిపోతుంది. కరెంటు మిగల్చడానికి ఎవరికో వచ్చిన తెలివి. చదువుతూ చదువుతూ చీకటిపడితే చెయ్యి ఊపడం మాకందరికీ అలవాటే.

మేడమ్ ఇచ్చిన కాగితం మీద ఒకటే వాక్యం ఉంది. పరీక్షలో చేరిన నలభై ఒక్క మందికీ ఏడో పేజీతో సహా అన్ని పేజీలూ నేనే చదివి వినిపించాను అని. మా సమ్మతి పత్రం ఆరు పేజీలు. ఏడో పేజీ ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. టైపు తప్పు అనుకుని, ముందుగా పిన్నిది తెరిచాను. గొంతు వినాలని ఆశ. అంతకంటే ఏమీ లేదు.

హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నా గొంతు చదువుతోంది. పేరా అయ్యీ కాకుండానే పిన్ని ఊఁ. ఆ ఊఁ మీదే నా గొంతు తర్వాతి పేరా ఎత్తుకుంటోంది. వెనకాల కుర్చీ కిర్రు, నేను కాగితం తిప్పిన చప్పుడు. ఎంత ఆదరాబాదరాగా చదివానో వింటుంటే సిగ్గేసింది. ఆరో పేజీ చివర, ఎవరైనా మిమ్మల్ని బలవంతం చేశారా అని అడిగాను. అక్కడ మాత్రం ఆగాను, అది ఆగి తీరాల్సిన చోటు. పిన్ని కాసేపు ఆలోచించి, ఊహూఁ అంది. లేదని. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

రికార్డింగు అక్కడ ఆగిపోవాలి.

ఆగలేదు. చిన్న టిక్ మంది. మళ్ళీ నా గొంతు. "ఈ మందు వాడినవారిలో ఇద్దరు నిద్రలో ఊపిరి ఆగి చనిపోయారు. మీకూ అలా జరిగే అవకాశం ఉంది. ఇది తెలిసి కూడా మందు కొనసాగించడానికి మీకు ఇష్టమేనా?"

ఊ... అంది పిన్ని.

నా చేతులు మౌసు మీద అలాగే ఉండిపోయాయి. ఈ మాటలు నేను పిన్నికి చదవలేదు. ఎవరికీ చదవలేదు. కానీ చదివాను. నాలుగు నెలల కిందట మేడమ్ ఒక విడి కాగితం తెచ్చి, ఇది వేరే ఊళ్ళో పరీక్షది, వాళ్ళకి చదివే మనిషి లేదు, నమూనాకి ఒకసారి చదివి రికార్డు చేసి ఇవ్వు అంది. మందు పేరు లేదు, నంబరే ఉంది. చదువుతూ, అయ్యో, ఇలాంటి మందు ఎవరు మింగుతారు అనుకున్నాను కూడా. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా పిన్నికి మాత్ర నా చేత్తో అందించాను. అదే మందు. ఆ విడి కాగితమే ఈ ఏడో పేజీ.

ఆ చోటు మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ విన్నాను. ఆ ఊ... తీరు నాకు తెలుసు. అది వింటున్న ఊఁ కాదు, ఒప్పుకున్న ఊఁ కాదు. మొదట కాస్త ఆగి, గొంతులో ఎత్తుకుని... సగంలో తెగిపోయింది. వెనకాల కంప్యూటరు ఫ్యాను చేసిన చప్పుడు కూడా సగంలో తెగింది. నా ప్రశ్నకి పిన్ని చెప్పిన ఊహూఁ ఉందే, అందులో మొదటి సగం అది. కత్తెర వేసి, ఊ ఉంచి, హూఁ పారేశారు. మిగతా ఊఁలన్నీ నా తొందర వల్ల నా మాటల కింద నలిగిపోయాయి. అతికించడానికి శుభ్రంగా దొరికింది అదొక్కటే. నేను ఆగి విన్నది అదొక్కటే కాబట్టి.

లైటు ఆరిపోయింది.

కదలకుండా కూర్చున్నాను కదా, ఆరింది. చెయ్యి ఊపాను. వెలిగింది. గడియారం మూడు చూపిస్తోంది. తలుపు దగ్గరికి వెళ్ళి బాదాను. స్పాంజి చప్పుడంతా మింగేసింది. నేను పిలిస్తే ఎంత మొద్దు నిద్రయినా వదులుతుందట. ఎవరూ రాలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాను. పద్దెనిమిదో నంబరు పెట్టాను. అదే టిక్. అదే నా గొంతు. వేరే మనిషి ఊ... ఇరవై. అదే. ముప్పై మూడు. అదే. ఎవరికీ చెప్పలేదు. నలభై మంది ఇంకా రోజూ ఆ మాత్ర వేసుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటున్నారు.

మళ్ళీ లైటు ఆరింది. ఈసారి నాకు చెయ్యి ఎత్తే ఓపిక కూడా లేదు. చీకట్లో మొహం రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

లైటు వెలిగింది.

నేను కదలలేదు.

చేతుల వెనకాల కళ్ళు తెరిచి అలాగే ఉన్నాను. గదిలో ఇంకేదో కదిలింది. కుట్టు మిషను నూనె వాసన... తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టె పెట్టిన వాసన. చెవులకి పెట్టుకున్నవి తీసేసి బల్ల మీద పెట్టాను. కంప్యూటరు ఆపేశాను. తెర నల్లబడింది. ఏ చప్పుడూ లేదు.

లైటు ఆరింది. వెలిగింది. ఆరింది.

"పిన్నీ..." అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

హూఁ.

రెండో కుర్చీ వైపు నుంచి. ఇన్నాళ్ళూ నా వెనకాల తిరిగిన తోక. పారేసిన సగం. నడవాలో, బీరువా దగ్గర, నా చెవి పక్కన... పట్టుకొచ్చి నాకు చూపిస్తూనే ఉంది. నేను ఏసీ కడిగించాను.

తల తిప్పే ధైర్యం లేకపోయింది. భయం ఒకటే కాదు. ఏ మొహం పెట్టుకుని తిప్పను? చదివేది నేనే కదా అన్న మాట నమ్మి లోపలికి వచ్చిన మనిషి. మేడమ్ నన్ను మోసం చేసింది. నేను పిన్నిని మోసం చేశాను. రెండూ ఒకే గొంతుతో జరిగాయి. చీకట్లో బల్ల అంచు మెల్లగా వణుకుతోంది, ఎవరో దాని మీద వేళ్ళు ఆనించినట్టు. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏడ్చానని తెలుసు, దుపట్టా అంతా తడిసిపోయింది.

తాళం తీసిన చప్పుడైంది. మేడమ్ లోపలికి రాగానే లైటు వెలిగింది. రెండో కుర్చీ ఖాళీ. ఆవిడ తలుపు వెనక్కి నెట్టి అందులోనే కూర్చుంది.

"ఎన్ని విన్నావు?" అంది మెల్లగా.

"పిన్నిది చాలు."

ఆవిడ కాసేపు తన చేతి గాజు తిప్పుకుంది. తర్వాత చెప్పింది. దాచలేదు, ఆ ఒక్క పుణ్యం చేసింది. ఇద్దరు పోయారని కంపెనీ నుంచి కాగితం వచ్చినప్పుడు అందరికీ మళ్ళీ చదివి మళ్ళీ సమ్మతి తీసుకోవాలి. తీసుకుంటే సగం మంది తప్పుకుంటారు, పరీక్ష ఆగిపోతుంది. ఎన్ని చేతులు కుదుటపడ్డాయో నువ్వే చూశావు, ఇద్దరి కోసం అవన్నీ వదులుకోమంటావా అంది. అతికింపులన్నీ తనే చేసుకుందట. రెండు ఆదివారాలు పట్టిందట. పిల్లల స్వెట్టరు అల్లినంత మామూలుగా చెప్పింది ఆ మాట.

మీరే కదా చెప్పారు, దాచకూడదని, అన్నాను.

"చెప్పాను. ఊఁలకి టిక్కులు పెట్టింది మాత్రం నువ్వు. ఒక్కరి చేతా తిరగ చెప్పించలేదు. రేపు కమిటీ ముందు నీ గొంతు ఉంటుంది, నీ టిక్కులు ఉంటాయి. నా గొంతు ఎక్కడా లేదు." పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది. "పెట్టు తల్లీ. సంతకం చేస్తే ఇద్దరం బయటపడతాం. పెడతావు కదూ?"

నన్ను పనికి తెచ్చింది తన గొంతు ఎక్కడా పడకుండా నా గొంతు వాడుకోవడానికి. ఆ మాట ఆవిడ పైకి అనకపోయినా నాకప్పుడు అర్థమైంది. పెన్ను పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానంటే భయంతో. ఉద్యోగం, పోలీసులు, ఇల్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. పెన్ను కాగితానికి తగిలింది.

ఇద్దరం కదలడం లేదు. లైటు ఆరింది.

"ఊ..." అని వినబడింది. ఆపేసిన కంప్యూటరులోంచి.

"...హూఁ." మేడమ్ కూర్చున్న కుర్చీలోంచి.

మేడమ్ ఊపిరి బిగబట్టింది, తెలుస్తూనే ఉంది. "నువ్వేనా అన్నది?" అని గుసగుసగా అడిగింది. "నువ్వేనా... నా ఒళ్ళో ఏదో ఉంది... నువ్వేనా?" కుర్చీ తన్నుకుంటూ లేచింది. లైటు వెలిగింది. ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఒళ్ళో ఏమీ లేదు. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది, తాళంచెవి తలుపుకే వదిలేసి. కాగితం మీద నా పెన్ను పెట్టిన చుక్క ఒకటే ఉంది. మడిచి లోపల పెట్టుకున్నాను.

ఇంటికెళ్ళి కూర్చుని ఒకటే అనుకున్నాను. పొద్దున్నే వెళ్ళి, ఆఫీసు పుస్తకంలోంచి నంబర్లు తీసి, కమిటీ పదకొండింటికి వచ్చేలోపు, నలభై మందికీ ఫోను చేసి ఏడో పేజీ చదవాలి. నాకేమైనా కానీ. ఆ మాత్రలు ఆగాలి. అంతకంటే నాకు మిగిలిందేమీ లేదు.

ఎనిమిదిన్నరకే వెళ్ళాను. నడవాలో బెంచీలు నిండి ఉన్నాయి. నిలబడ్డవాళ్ళు కొందరు. పద్దెనిమిది, ఇరవై, ముప్పై మూడు... అందరూ మా వాళ్ళే. ఒక్కొక్కరి చేతిలో మిగిలిన మాత్రల డబ్బా. ముందు వరసలో స్టీరింగు తాత ఉన్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఇప్పటికీ మాట్లాడేటప్పుడు చేతులు గుండ్రంగా తిప్పుతాడు. నన్ను చూసి లేచి, డబ్బా నా చేతిలో పెట్టాడు. మేమందరం మానుకుంటున్నామమ్మా, ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటావో చెప్పు అన్నాడు.

ఎవరు చెప్పారు తాతా అని అడిగాను.

"అదేంటమ్మా, నువ్వే కదా. నిన్న మూడింటికి మా ఇంటికొచ్చి ఏడో పేజీ చదివావు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డావు. ఇద్దరు కాదు నలుగురు పోయారని చదివావు. నేను ఊఁ అంటే ఒప్పుకోలేదు, ఏం విన్నావో నీ మాటల్లో చెప్పమన్నావు. మూడుసార్లు చెప్పించావు."

నిన్న మూడింటికి నేను తాళం వేసిన గదిలో ఉన్నాను. పక్కనున్న ఇరవయ్యో నంబరావిడ, మా ఇంటికీ మూడింటికే వచ్చావు అంది. వెనకాల నుంచి ఇంకెవరో మా ఇంటికీ అన్నారు. కాగితం పట్టుకున్న చేతులు అంతలా వణుకుతుంటే, ఈ పిల్లకీ మన జబ్బు అంటుకుందేమిటని అనుకున్నారట. నా చేతులు చూసుకున్నాను. మామూలుగానే ఉన్నాయి.

వేలిముద్రలు తీసుకున్నాను. నలభై ఉపసంహరణ కాగితాలు. ఒక్కొక్కరినీ ఎందుకు మానుకుంటున్నారో వాళ్ళ మాటల్లో చెప్పమన్నాను, అందరూ పొల్లు పోకుండా చెప్పారు. పదకొండింటికి కమిటీ వాళ్ళు వచ్చారు. నా ఊఁల సంగతి, నా టిక్కుల సంగతి నేనే ముందు చెప్పాను, తర్వాత రికార్డింగు వినిపించాను. మేడమ్ ఆ రోజు రాలేదు. పరీక్ష ఆ మధ్యాహ్నమే ఆపేశారు.

అందరూ వెళ్ళబోతుండగా స్టీరింగు తాతని పక్కకి పిలిచాను. అప్పటిదాకా అడగడానికి నోరు రాలేదు. ఆ ఇద్దరు కాక మా పిన్ని మూడు, మరి నాలుగోది ఎవరు తాతా అన్నాను. ఆయన గుండ్రంగా తిప్పుతున్న చేతులు ఆపేశాడు.

"అది నీకు మాత్రం చెప్పొద్దని కూడా నువ్వే చెప్పావు కదమ్మా."

ఎంత బతిమాలినా అంతకుమించి పెదవి విప్పలేదు. ఇరవయ్యో నంబరావిడని అడిగాను, ముప్పై మూడుని అడిగాను. తల దించుకున్నారు. మెట్ల దాకా వెళ్ళిన తాత మళ్ళీ వెనక్కి వచ్చి, రాత్రి నిద్రలో నీ ఊపిరి కనిపెట్టి చూసేందుకు ఇంట్లో నీ పక్కన ఎవరు పడుకుంటారమ్మా అని అడిగాడు.

ఎవరూ లేరు అన్నాను.

నలభై మందీ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.